బొగ్గు కేంద్రం స్థానంలో అణు విద్యుత్: ఎప్పుడు లాభం, ఎప్పుడు భారం

వెయ్యి మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఏడాదంతా నిండుగా నడిస్తే ముప్పై లక్షల టన్నులకు పైగా బొగ్గు కాలుస్తుంది. అంటే రోజుకు రెండు మూడు గూడ్సు రైళ్ల సరుకు. అంతే సామర్థ్యం ఉన్న అణు రియాక్టర్‌కు ఏడాదికి పాతిక ముప్పై టన్నుల యురేనియం ఇంధనం సరిపోతుంది. కొన్ని లారీలు చాలు. పొగ ఉండదు, బూడిద గుట్టలు ఉండవు. ఈ లెక్క విన్న ఎవరికైనా వెంటనే తట్టే ప్రశ్న ఒకటే: మరి బొగ్గు కేంద్రాలన్నీ తీసేసి వాటి చోట అణు కేంద్రాలు ఎందుకు పెట్టరు?

పెట్టవచ్చు. కొన్ని చోట్ల పెట్టడమే సరైన పని. ఇంకొన్ని చోట్ల అదే పని ఆ ప్రాంతాన్ని రెండు తరాల అప్పులో ముంచుతుంది. తేడా రియాక్టర్ రకంలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో తేడా మూడు విషయాల్లో ఉంటుంది: అప్పు ఎంత వడ్డీకి దొరుకుతోంది, కట్టేవాళ్లు అంతకు ముందు ఎన్ని కట్టారు, కట్టాక ఆ రియాక్టర్ ఏడాదిలో ఎన్ని గంటలు నడుస్తుంది. ఈ మూడూ తెలియకుండా అణు విద్యుత్ చౌక అని గానీ ఖరీదని గానీ ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ముందు ఆ బొగ్గు కేంద్రం ఏ పని చేస్తోందో చూడండి

బొగ్గు కేంద్రాలన్నీ ఒకే పని చేయవు. కొన్ని రాత్రింబవళ్లు ఒకే తీరుగా నడుస్తాయి. కొన్ని సాయంత్రం వాడకం పెరిగినప్పుడు వేగం పుంజుకుని, మధ్యాహ్నం సౌర విద్యుత్ వచ్చేసరికి తగ్గుతాయి. చలి దేశాల్లో కొన్ని కేంద్రాలు కరెంటుతో పాటు ఊరి ఇళ్లకు వేడి నీటిని కూడా పంపుతాయి. వయసు మీరిన కొన్నయితే ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే పనిలో ఉంటాయి.

రోజంతా నడిచే కేంద్రం స్థానానికి అణు రియాక్టర్ సహజంగా సరిపోతుంది. అమెరికాలోని రియాక్టర్లు సగటున తమ సామర్థ్యంలో 90 శాతానికి పైగా విద్యుత్ ఇస్తున్నాయి. అక్కడి బొగ్గు కేంద్రాలు యాభై శాతం లోపే నడుస్తున్నాయి. అందువల్ల మెగావాట్‌కు మెగావాట్ చొప్పున బదులు పెట్టనక్కర లేదు. 2022లో అమెరికా ఇంధన శాఖ చేసిన అధ్యయనంలో 1,200 మెగావాట్ల బొగ్గు కేంద్రం స్థానంలో 924 మెగావాట్ల అణు కేంద్రం సరిపోతుందని లెక్క వేశారు. ఈ సంగతి మరచిపోయి రెండింటి పేరుపలక సామర్థ్యాలను (కాగితం మీద రాసిన గరిష్ఠ ఉత్పత్తిని) పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు అణు కేంద్రం ఖర్చును అవసరానికి మించి ఎక్కువ చేసి చూపిస్తారు.

సాయంత్రం నాలుగు గంటల కోసం నడిచే కేంద్రం సంగతి వేరు. ఫ్రాన్స్‌లో రియాక్టర్లు వాడకాన్ని బట్టి ఉత్పత్తిని పెంచుతూ తగ్గిస్తూ నడుస్తున్నాయి కాబట్టి సాంకేతికంగా అడ్డంకి లేదు. అడ్డంకి డబ్బులో ఉంది. అణు కేంద్రం ఖర్చులో పెద్ద భాగం కట్టేటప్పుడే అయిపోతుంది. తరువాత అది నడిచినా ఆగినా వాయిదా కట్టాల్సిందే. సగం సమయం ఆపి ఉంచితే ఒక్కో యూనిట్ మీద పడే భారం దాదాపు రెట్టింపవుతుంది.

గ్రిడ్ పరిమాణం కూడా ఇక్కడే చూసుకోవాలి. ఒకే రియాక్టర్ మొత్తం గ్రిడ్ సామర్థ్యంలో పది శాతాన్ని మించకూడదని ఈ రంగంలో పాటించే మోటు లెక్క ఒకటి ఉంది. వెయ్యి మెగావాట్ల రియాక్టర్ అకస్మాత్తుగా ఆగిపోతే తట్టుకోవడానికి కనీసం పది వేల మెగావాట్ల గ్రిడ్ ఉండాలన్నమాట. చిన్న దేశాలకు, ద్వీపాలకు పెద్ద రియాక్టర్ల దారి చాలావరకు ఇక్కడే మూసుకుపోతుంది.

అసలు ఖర్చు వడ్డీలో ఉంది

ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి మెగావాట్ల రియాక్టర్, కిలోవాట్‌కు 6,000 డాలర్ల చొప్పున, వడ్డీ కలపకుండా 600 కోట్ల డాలర్ల నిర్మాణ వ్యయం అనుకోండి. ఇది ఊహకు తీసుకున్న అంకె. కొన్ని దేశాల్లో ఇంతకన్నా బాగా తక్కువకే కడుతున్నారు, కొన్నింటిలో దీనికి రెట్టింపు దాటింది. కట్టినన్నాళ్లూ డబ్బు సమానంగా ఖర్చవుతుందని, తరువాత నలభై ఏళ్లలో అప్పు తీరుతుందని, రియాక్టర్ 90 శాతం నడుస్తుందని పెట్టుకుందాం.

ఏడు శాతం వడ్డీకి అప్పు తెచ్చి పదేళ్లలో కడితే, మొదటి కరెంటు వచ్చేనాటికి ఆ 600 కోట్ల అప్పు దాదాపు 858 కోట్లకు చేరుతుంది. నలభై ఏళ్ల వాయిదాలు లెక్కిస్తే యూనిట్‌కు పెట్టుబడి భారమే 8.2 సెంట్లు. అదే ఏడు శాతం వడ్డీతో ఐదేళ్లలో కట్టేస్తే 6.8 సెంట్లు. ఇప్పుడు వడ్డీని మూడు శాతానికి దించి, నిర్మాణానికి మళ్లీ పదేళ్లు పట్టిందనుకోండి. భారం 3.8 సెంట్లకు పడిపోతుంది. ఐదేళ్లలోనే కడితే మూడున్నర సెంట్ల చుట్టూ ఉంటుంది.

ఈ నాలుగు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఒకసారి నిదానంగా చూడండి. నిర్మాణం ఐదేళ్లు ఆలస్యమైన నష్టం కన్నా వడ్డీ నాలుగు శాతం పెరిగిన నష్టం చాలా ఎక్కువ. అదే రియాక్టర్, అదే కాంక్రీటు, అదే ఇంజినీర్లు. అప్పు ఎవరు ఇచ్చారన్న ఒక్క తేడాతో పెట్టుబడి భారం రెట్టింపవుతోంది. ఇంధనం, సిబ్బంది, మరమ్మతులు అన్నీ కలిపినా నడిపే ఖర్చు యూనిట్‌కు మూడు సెంట్ల చుట్టూ ఉంటుంది, అందులోనూ ఇంధనం వాటా కొంచెమే. యురేనియం ధర రెట్టింపైనా బిల్లు పెద్దగా కదలదు. వడ్డీ రేటు కదిలితే మాత్రం మొత్తం లెక్క తారుమారవుతుంది. బొగ్గుకు సరిగ్గా వ్యతిరేకం ఇది: అక్కడ కేంద్రం కట్టడం పోల్చి చూస్తే చౌక, ఇంధనం బిల్లు మాత్రం జీవితాంతం వెంటాడుతుంది.

అందుకే ప్రభుత్వ హామీ లేకుండా కేవలం ప్రైవేటు పెట్టుబడితో అణు కేంద్రం కడతామని ఎవరైనా ముందుకు వస్తే, ఆ ధర వినియోగదారుల నెత్తిన పడుతుందనే నేను అనుకుంటాను. బ్రిటన్‌లో హింక్లీ పాయింట్ సి కేంద్రానికి మెగావాట్ అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్లకు, 92.50 పౌండ్ల చొప్పున, అదీ 2012 నాటి ధరల్లో, 35 ఏళ్ల పాటు హామీ ఇచ్చారు. నిర్మాణంలో వచ్చే కష్టనష్టాలన్నీ కంపెనీయే మోయాలి కాబట్టి పెట్టుబడిదారులు అంత ఎక్కువ రాబడి అడిగారు. తరువాతి కేంద్రం సైజ్‌వెల్ సి దగ్గరికి వచ్చేసరికి అదే దేశం పద్ధతి మార్చింది. నిర్మాణం జరుగుతున్నప్పుడే వినియోగదారుల బిల్లులోంచి కొంత వసూలు చేసి, ప్రభుత్వం కూడా వాటా పెట్టి, వడ్డీ భారం తగ్గించుకుంటోంది. కష్టం వస్తే ప్రజలు కూడా మోయాలన్నది ఆ తగ్గింపుకు చెల్లించే మూల్యం.

2024లో లజార్డ్ సంస్థ ప్రకటించిన పోలికలో కొత్త అణు విద్యుత్ యూనిట్‌కు 14.2 నుంచి 22.2 సెంట్లు, బొగ్గు 6.9 నుంచి 16.8, పెద్ద సౌర కేంద్రాలు 2.9 నుంచి 9.2 సెంట్లు అని ఉంది. ఈ అంకెలు అందరి నోటా వినిపిస్తుంటాయి. వాడేముందు రెండు సంగతులు గమనించండి. అణు విద్యుత్ అంకె అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వోగ్టిల్ ప్రాజెక్టు అనుభవం ఆధారంగా వేసింది, అది ప్రపంచంలో అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి. సౌర విద్యుత్ అంకెలో రాత్రి కరెంటు ఇచ్చే బ్యాటరీల ఖర్చు లేదు.

మరొక పొరపాటు కూడా తరచుగా కనిపిస్తుంది. అప్పు ఎప్పుడో తీరిపోయిన పాత బొగ్గు కేంద్రాన్ని కొత్త అణు కేంద్రంతో పోల్చడం. అలా పోలిస్తే బొగ్గే గెలుస్తుంది, ఎందుకంటే దానికి మిగిలింది బొగ్గు, జీతాల ఖర్చే. ఆ పాత కేంద్రానికి గంధకపు పొగను పట్టే పరికరాలు, బాయిలర్ మరమ్మతులు ఎప్పుడు పెట్టాల్సి వస్తుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. టన్ను కర్బన ఉద్గారానికి 50 డాలర్ల పన్ను పడిందనుకోండి, బొగ్గు యూనిట్ మీద నాలుగున్నర నుంచి ఐదు సెంట్లు అదనంగా పడతాయి. బ్రిటన్‌లో బొగ్గును సాగనంపడంలో ఇలాంటి పన్నుకు పెద్ద పాత్ర ఉంది. అక్కడ చివరి బొగ్గు కేంద్రం రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ 2024 సెప్టెంబర్ 30న మూతపడింది. దాని స్థానాన్ని నింపింది ఎక్కువగా పవన విద్యుత్, సహజవాయువు. కొత్త రియాక్టర్ ఒక్కటి కూడా అప్పటికి సిద్ధం కాలేదు.

కాలం కూడా ఖర్చే

వోగ్టిల్‌లో రెండు కొత్త రియాక్టర్లకు మొదట వేసిన అంచనా సుమారు 1,400 కోట్ల డాలర్లు. 2016, 2017 సంవత్సరాల్లో నడవాల్సినవి 2023, 2024లలో నడిచాయి. ఖర్చు 3,000 కోట్ల డాలర్లు ఎప్పుడో దాటిపోయింది. ఫిన్లాండ్‌లో ఓల్కిలువోటో 3 నిర్మాణం 2005లో మొదలైంది. 2009కి పూర్తి కావాల్సింది 2023కి గాని పూర్తి కాలేదు. ఫ్రాన్స్‌లో ఫ్లమాన్‌విల్ 3 నిర్మాణం 2007లో మొదలై 2024 డిసెంబరులో గ్రిడ్‌కు కలిసింది. 330 కోట్ల యూరోల అంచనా 1,300 కోట్లు దాటింది.

ఈ మూడింటిలోనూ ఉమ్మడిగా కనిపించే కారణం ఒకటుంది. ఆ నమూనాను ఆయా దేశాల్లో కట్టడం అదే మొదటిసారి. పైగా అంతకు ముందు చాలా ఏళ్లుగా అక్కడ కొత్త రియాక్టర్లే కట్టలేదు, కాబట్టి అనుభవం ఉన్న వెల్డర్లు, పర్యవేక్షకులు, విడిభాగాల తయారీదారులు చెదిరిపోయారు. వోగ్టిల్, ఓల్కిలువోటోలలో డిజైన్ పూర్తిగా తేలకముందే పనులు మొదలుపెట్టారు.

అనుభవం తెగిపోని చోట కథ వేరుగా ఉంది. చైనాలో హువాలాంగ్ వన్ నమూనా తొలి రియాక్టర్ అయిన ఫుచింగ్ 5 నిర్మాణం 2015 మేలో మొదలై 2021 జనవరిలో వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. ఎమిరేట్స్‌లో దక్షిణ కొరియా సంస్థలు బరాకా కేంద్రంలో నాలుగు రియాక్టర్లను ఒకదాని తరువాత ఒకటిగా కట్టాయి. తొలి రియాక్టర్ పని 2012లో మొదలైంది, 2024కల్లా నాలుగూ నడుస్తున్నాయి. 5,600 మెగావాట్లు, ఆ దేశ విద్యుత్ అవసరంలో దాదాపు పావు వంతు. అయితే ఎమిరేట్స్ అణు విధానాన్ని ప్రకటించింది 2008లో. చట్టం, నియంత్రణ సంస్థ, శిక్షణ పొందిన సిబ్బంది ఇవేవీ లేని దేశం, డబ్బుకు కొరత లేకపోయినా, నిర్ణయం నుంచి తొలి కరెంటు దాకా పన్నెండేళ్లు తీసుకుంది. ఇంతకన్నా త్వరగా అవుతుందని మీ దగ్గర ఎవరైనా మాట ఇస్తే, దేన్ని చూసి ఇస్తున్నారో అడగండి.

ఆలస్యమైన ప్రతి ఏడూ బొగ్గు మండుతూనే ఉంటుంది. వెయ్యి మెగావాట్ల కేంద్రం 60 శాతం నడిచినా ఏడాదికి 525 కోట్ల యూనిట్లు ఇస్తుంది, సుమారు 50 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఐరోపా అధ్యయనాల ఆధారంగా తరచుగా వాడే అంచనా ప్రకారం బొగ్గు విద్యుత్ వంద కోట్ల యూనిట్లకు దాదాపు 25 మంది అకాల మరణాలకు కారణమవుతోంది, ఎక్కువగా పొగలోని సూక్ష్మ ధూళి వల్ల. ఆ లెక్కన ఈ ఒక్క కేంద్రం ఏటా 130 మందిని మింగుతుంది. రియాక్టర్ పదేళ్లు ఆలస్యమైతే ఆ సంఖ్య ఎంతవుతుందో చెప్పనక్కర లేదు. మనసును కలచివేసే లెక్క ఇది. అణు విద్యుత్ పక్షాన మాట్లాడేవాళ్లు దీన్ని బొగ్గుకు వ్యతిరేకంగా చెబుతారు, అది సబబే. నెమ్మదిగా కట్టే అణు కేంద్రానికి వ్యతిరేకంగా కూడా ఇదే లెక్క నిలబడుతుందని వాళ్లు గుర్తించాలి.

కెనడాలోని ఒంటారియో కథ ఇక్కడ చెప్పుకోవాలి. 2003 ప్రాంతంలో అక్కడి కరెంటులో దాదాపు పావు వంతు బొగ్గు నుంచి వచ్చేది. 2014లో చివరి బొగ్గు కేంద్రం ఆగిపోయింది. బొగ్గును అణు విద్యుత్‌తో తొలగించిన గొప్ప ఉదాహరణగా దీన్ని చెబుతారు, నిజమే. కానీ ఆ పదేళ్లలో ఒంటారియో కొత్త రియాక్టర్ ఒక్కటి కూడా కట్టలేదు. అంతకుముందే ఆపేసి ఉంచిన బ్రూస్, పికరింగ్ రియాక్టర్లకు మరమ్మతులు చేసి మళ్లీ నడిపించారు. దానికి తోడు గ్యాసు, పవన విద్యుత్ పెంచారు, వాడకం కూడా కొంత తగ్గింది. ఉన్న రియాక్టర్ ఆయుష్షు పెంచడం ఈ రంగంలో అన్నిటికన్నా చౌక బేరం. పెట్టుబడిలో పెద్ద భాగం ఎప్పుడో పెట్టేసి ఉంటుంది కదా. జర్మనీ దీనికి తలకిందులుగా నడిచింది. 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లను ఆపేసింది, బొగ్గుకు మాత్రం 2038 దాకా గడువు ఇచ్చుకుంది. సురక్షితంగా నడుస్తున్న రియాక్టర్‌ను బొగ్గు కన్నా ముందు మూసేయడాన్ని నేను ఏ కోణంలోనూ సమర్థించలేను.

పాత స్థలంలో ఏది పనికొస్తుంది

బొగ్గు కేంద్రం బాయిలర్ తీసేసి అక్కడ రియాక్టర్ బిగిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. ఆలోచన ఆకర్షణీయమే, ఆవిరి దగ్గర అడ్డం పడుతుంది. ఆధునిక బొగ్గు బాయిలర్ ఆవిరిని 540 నుంచి 600 డిగ్రీల దాకా వేడి చేస్తుంది. మామూలు నీటి రియాక్టర్ నుంచి వచ్చే ఆవిరి 280, 290 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పీడనం కూడా చాలా తక్కువ. అంటే పాత టర్బైన్ పనికిరాదు. అంత వేడి ఆవిరి ఇవ్వాలంటే చైనాలోని షిదావ్ బే దగ్గర నడుస్తున్న హీలియం గ్యాసు రియాక్టర్ లాంటిది కావాలి. అది 560 డిగ్రీలు దాటిన ఆవిరి ఇస్తుంది. కానీ 210 మెగావాట్ల ఆ కేంద్రాన్ని కట్టడానికే పదకొండేళ్లు పట్టింది.

నిజంగా విలువైనవి బయట ఉన్నాయి: స్విచ్‌యార్డ్, హైటెన్షన్ లైన్లు, నీటి హక్కులు, రోడ్డు, రైలు మార్గం, స్థలం. కొత్త లైన్లు వేయడానికి భూమి సేకరించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఈ విలువ బాగా అర్థమవుతుంది. పైన చెప్పిన 2022 అధ్యయనం ఇలా పాత సదుపాయాలు వాడుకుంటే నిర్మాణ వ్యయం 15 నుంచి 35 శాతం దాకా తగ్గవచ్చని అంచనా వేసింది. అది కాగితం మీది అంచనా అన్నది మరవకండి, ఇప్పటిదాకా అలా మార్చి చూపించిన పెద్ద కేంద్రం లేదు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం కెమరర్ దగ్గర టెర్రాపవర్ సంస్థ 345 మెగావాట్ల, సోడియంతో చల్లబరిచే రియాక్టర్‌కు 2024లో శ్రీకారం చుట్టింది. అది బొగ్గు కేంద్రం ఉన్న ఆవరణలో కాకుండా, దానికి దగ్గరలోని ఖాళీ స్థలంలో వస్తోంది. ఆ పద్ధతే తెలివైనది. పాత కేంద్రాన్ని కూల్చి, బూడిద చెరువులను శుభ్రం చేసి, అప్పుడు పునాది తవ్వాలంటే ఏళ్లు పడుతుంది, ఈలోగా కరెంటూ ఉండదు, పనివాళ్లూ వలస పోతారు.

నీటి విషయంలో ముందే లెక్క చూసుకోవాలి. బొగ్గు కేంద్రం వేడిలో కొంత పొగ గొట్టం ద్వారా బయటికి పోతుంది. అణు కేంద్రానికి ఆ దారి లేదు, పైగా వేడిని కరెంటుగా మార్చే దాని సామర్థ్యం 33 శాతం చుట్టూనే ఉంటుంది. కాబట్టి యూనిట్‌కు ఎక్కువ నీళ్లు కావాలి. అరిజోనా ఎడారిలోని పాలో వెర్డీ కేంద్రం నగరాల మురుగు నీటిని శుద్ధి చేసి వాడుకుంటోంది. దారి ఉందన్నమాట, కానీ దానికీ ఖర్చుంది. ఇక భూకంపాల ప్రమాదం, వరద మట్టం, చుట్టూ జనసాంద్రత: బొగ్గు కేంద్రానికి అనుమతి దొరికిన ప్రతి స్థలానికీ అణు కేంద్రం అనుమతి దొరకదు. ఊరి నడిబొడ్డున ఉన్న పాత కేంద్రాలను మొదటే జాబితాలోంచి తీసేయండి.

పనివాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి. టర్బైన్, విద్యుత్, నీటి శుద్ధి విభాగాల్లో పనిచేసేవాళ్లు కొంత శిక్షణతో అణు కేంద్రంలోకి మారవచ్చు. ఆ కేంద్రాల్లో శాశ్వత ఉద్యోగాలు బొగ్గు కేంద్రం కన్నా ఎక్కువే ఉంటాయి. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లకు మాత్రం ఈ మార్పులో చోటు లేదు. వాళ్ల గురించి విడిగా ఆలోచించని ప్రణాళికను న్యాయమైన ప్రణాళిక అనలేం.

చిన్న రియాక్టర్ల మీద ఆశ

కర్మాగారంలో తయారుచేసి, లారీలో తెచ్చి, బొగ్గు కేంద్రం చోట బిగించే చిన్న మాడ్యులర్ రియాక్టర్ల గురించి ఇప్పుడు చాలా వింటున్నాం. పరిమాణంలో అవి బొగ్గు కేంద్రాలకు సరిగ్గా సరిపోతాయి. చిన్న గ్రిడ్లకూ సరిపోతాయి. ధర విషయంలో మాత్రం ఇంకా రుజువు లేదు.

అమెరికాలో నుస్కేల్ సంస్థ రియాక్టర్లతో ఐడహోలో తలపెట్టిన ప్రాజెక్టులో మెగావాట్ అవర్ ధర 58 డాలర్ల నుంచి 89 డాలర్లకు పెరిగింది. తగినంత మంది కొనేవాళ్లు ముందుకు రాక 2023 నవంబరులో రద్దయింది. ఒంటారియోలోని డార్లింగ్టన్ దగ్గర 300 మెగావాట్ల రియాక్టర్లు నాలుగింటికి 2025లో ఆమోదం దొరికింది. అంచనా 2,090 కోట్ల కెనడా డాలర్లు. భాగించి చూస్తే కిలోవాట్‌కు 17 వేల కెనడా డాలర్లు దాటుతుంది. అనుభవం ఉన్న సంస్థ, సిద్ధంగా ఉన్న స్థలం, ప్రభుత్వ యాజమాన్యం ఇన్ని అనుకూలతలు ఉన్నా ఇంత ధర. మొదటిది ఖరీదు, నాలుగోది చౌక అని అక్కడి వాదన. అది నిజమో కాదో తేలేదాకా ఆగడం మిగతావాళ్లకు మంచిది. రష్యాలో పెవెక్ రేవులో 70 మెగావాట్ల తేలియాడే కేంద్రం 2020 నుంచి నడుస్తోంది. అలాంటి మారుమూల చోట్ల డీజిల్, బొగ్గు రవాణాకే అంత ఖర్చవుతుంది కాబట్టి లెక్క కుదురుతుంది.

నా సలహా సూటిగా చెబుతాను: ఇంకా ఎక్కడా నడవని రియాక్టర్‌ను నమ్ముకుని బొగ్గు కేంద్రం మూసే తేదీని ప్రకటించవద్దు.

ప్రమాదం, వ్యర్థం

మరణాల లెక్క చూస్తే అణు విద్యుత్ సౌర, పవన విద్యుత్‌ల సరసన ఉంటుంది, చెర్నోబిల్, ఫుకుషిమాలను కలిపినా సరే. ఉద్గారాల్లోనూ అంతే. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం 2014 నివేదికలో బొగ్గుకు యూనిట్‌కు 820 గ్రాములు, అణు విద్యుత్‌కు 12 గ్రాములు అని ఉంది.

వాడిన ఇంధనం వేల ఏళ్లు జాగ్రత్తగా దాచాల్సిన వస్తువు, కాదనలేం. అయితే అది ఏటా పాతిక టన్నులే, ఎక్కడుందో తెలుసు, డబ్బాల్లో భద్రంగా ఉంటుంది. ఫిన్లాండ్‌లో ఓంకాలో దగ్గర నాలుగు వందల మీటర్ల లోతున రాతిలో శాశ్వత నిల్వ కేంద్రం తవ్వారు. బొగ్గు బూడిద లక్షల టన్నుల్లో ఆరుబయట పడి ఉంటుంది. 2008 డిసెంబరులో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో కింగ్‌స్టన్ కేంద్రం బూడిద గట్టు తెగి నలభై లక్షల ఘనపు మీటర్ల బురద నదిలోకి, ఇళ్ల మీదికి వచ్చింది.

అణు ప్రమాదం స్వభావం వేరు. అరుదుగా వస్తుంది, వస్తే ఒక ప్రాంతాన్నే ఖాళీ చేయిస్తుంది. ఫుకుషిమాలో లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలిపోయారు. అంత నష్టాన్ని ఏ బీమా కంపెనీ పూర్తిగా మోయదు, చివరకు ప్రభుత్వమే మోస్తుంది. నియంత్రణ సంస్థకు నిజమైన స్వతంత్రత లేని చోట, రియాక్టర్‌ను ఆపమని చెప్పే ధైర్యం ఉన్న అధికారి నిలవని చోట, ధర ఎంత తక్కువైనా అణు కేంద్రం వద్దనే నేను అంటాను.

ఎవరికి ఏది

ఇప్పటికే రియాక్టర్లు నడుస్తున్న దేశమైతే మొదటి డబ్బు వాటి ఆయుష్షు పెంచడానికి పెట్టాలి. తరువాత అదే స్థలంలో, అప్పటికే కట్టి చూసిన నమూనానే మళ్లీ కట్టాలి, కనీసం రెండు వరసగా. ఒక్కటి కట్టి వదిలేస్తే మొదటిదాని ఖరీదైన పాఠాలు ఎవరికీ ఉపయోగపడకుండా పోతాయి. ఫ్రాన్స్ 1974 తరువాత పదిహేనేళ్లలో యాభైకి పైగా రియాక్టర్లు కట్టగలిగింది ఒకే కోవ నమూనాలను పదేపదే కట్టడం వల్లే.

ఎండ బాగా ఉండి, ఏడాదంతా పగలు దాదాపు సమానంగా ఉండే చోట్ల ముందుగా సౌర విద్యుత్, బ్యాటరీలు పెట్టి బొగ్గు వాడకాన్ని తగ్గించడమే వేగవంతమైన దారి. రెండు మూడేళ్లలో ఫలితం కనిపిస్తుంది. అలా సగం దాకా పోవచ్చు. రాత్రంతా నడిచే పరిశ్రమలు, మబ్బు పట్టిన వారాలు, చలికాలపు పొడవైన రాత్రులు వచ్చేసరికి బ్యాటరీల ఖర్చు వేగంగా పెరుగుతుంది. అణు విద్యుత్‌కు విలువ వచ్చేది ఆ మిగిలిన భాగంలో. కాబట్టి ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న వాదనలో నాకు అర్థం కనిపించదు. ఎండలేని, గాలిలేని, నదులూ లేని చలి ప్రాంతానికి అణు విద్యుత్ ఖరీదైనా సమంజసమే కావచ్చు.

గ్యాసు త్వరగా కట్టవచ్చు, పొగ తక్కువ. కానీ ఇంధనం ధర మీ చేతిలో ఉండదు, పైపుల నుంచి కారే మీథేన్ వాతావరణానికి చేటు. అవసరానికి ఆదుకునే, అరుదుగా నడిచే కేంద్రంగా సరే, బొగ్గుకు శాశ్వత బదులుగా మాత్రం కాదు.

చిన్న గ్రిడ్, ఎక్కువ వడ్డీ, అనుభవం లేని యంత్రాంగం ఈ మూడూ ఉన్న దేశం ఇప్పుడు అణు కేంద్రం ఒప్పందం మీద సంతకం చేయకపోవడం మేలు. ఈలోగా ఇంజినీర్లకు శిక్షణ ఇవ్వడం, నియంత్రణ సంస్థను నెలకొల్పడం మొదలుపెట్టవచ్చు. వాటికి పెద్ద ఖర్చు కాదు, పదేళ్ల తరువాత చవక నమూనా వస్తే అందుకునే అర్హత ఉంటుంది. ప్రపంచ బ్యాంకు కూడా 2025లో అణు విద్యుత్‌కు రుణాలపై ఉన్న నిషేధాన్ని ఎత్తేసింది, అంటే తక్కువ వడ్డీ అప్పు దొరికే అవకాశం ముందు ముందు పెరగవచ్చు.

మీ ప్రాంతంలో ఇలాంటి ప్రతిపాదన మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, మెగావాట్ల గురించి అడిగే ముందు ఒప్పందంలో ఒక్క పేజీ చూపించమనండి: పని ఆలస్యమైతే వడ్డీ ఎవరు కడతారో రాసిన పేజీ. అమెరికాలోని సౌత్ కరోలినాలో వి.సి. సమ్మర్ కేంద్రంలో రెండు రియాక్టర్ల పనిని 2017లో మధ్యలో ఆపేశారు. అప్పటికి సుమారు 900 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అక్కడి కుటుంబాలు నిర్మాణం జరుగుతున్నప్పుడే బిల్లుల్లో అదనంగా కట్టాయి, పని ఆగిపోయాక కూడా ఏళ్ల తరబడి కడుతూ వచ్చాయి. ఆ రియాక్టర్ల నుంచి వాళ్లకు అందిన కరెంటు ఒక్క యూనిట్ కూడా లేదు.